పుదీనా మడీ, కాపలా కుక్కా



పంటల సంగతి, పాడి సంగతి మాట్లాడుకునే చోట కుక్క పుదీనా తింటే ఏమవుతుందన్నది కూడా ఒక విషయమేనా అని కొందరికి నవ్వు రావచ్చు. విషయమేనని నా మనవి. కళ్ళంలో ధాన్యం రాశి పోసిన రాత్రి మనం ఓ కునుకు తీస్తామేమో గాని అది తీయదు. వేరుసెనగ చేలో అడవిపందులు దిగితే మనకంటే ముందు పసిగట్టేది అదే. గొర్రెల మంద వెంట ఎండలో, వానలో తిరిగేదీ అదే. ఇంత పని చేసే జీవానికి మనమిచ్చే జీతం రెండు పూటలా ఇంత అన్నం. ఆవు మేత మానితే పశువైద్యునికి కబురు పెడతాం. కుక్క మూలన పడుకుని అన్నం ముట్టకపోతే మాత్రం "ఏదో తిన్నది, దానంతట అదే సర్దుకుంటుంది" అని ఊరుకుంటాం. ఆ తిన్న "ఏదో" ఏమిటన్నదే ఈనాటి మాట.

పెరట్లో బావి పక్కనో, స్నానాల నీళ్ళు పారే చోటనో చారెడు పుదీనా లేని ఇల్లు అరుదు. నాలుగు కాడలు గుచ్చితే చాలు, నెల తిరక్కుండా మడి అంతా అల్లుకుంటుంది. తడిగా, చల్లగా ఉంటుంది కనుక ఎండాకాలంలో కుక్క అందులోనే పడుకుంటుంది. పడుకున్నది ఊరుకోక నాలుగు ఆకులు కొరుకుతుంది. అది చూసి ఇంట్లోవాళ్ళు కంగారు పడతారు. ఇది మంచిదా, చెడ్డదా?

సూటిగా చెబుతాను. మనం వంటకు వాడే పచ్చి పుదీనా నాలుగు ఆకులు తిన్నంత మాత్రాన ఆరోగ్యంగా ఉన్న కుక్కకు ప్రమాదం లేదు. కడుపునిండా మేస్తే మాత్రం వాంతులు, విరేచనాలు పట్టవచ్చు. అంతకంటె పెద్ద ప్రమాదాలు ఆకులో లేవు. అవి ఆకునుంచి తీసిన నూనెలో ఉన్నాయి, ఆకుతో చేసిన పచ్చడిలో ఉన్నాయి, ఆకు పెరిగిన మడిలో ఉన్నాయి. ఈ మూడింటినీ ఒక్కొక్కటే చూద్దాం.

ముందు ఆకు సంగతి. ఈ రోజుల్లో చాలామంది చేతిలో ఫోను ఉన్నది. అందులో వెదికితే, అమెరికాలోని జంతుహింసా నివారణ సంఘంవారి పట్టికలో పుదీనా "కుక్కలకు విషం" అనే వరుసలోనే కనిపిస్తుంది. అది చూసి మడి పీకిపారేయనక్కరలేదు. ఎక్కువగా తింటే వాంతులు, విరేచనాలు అవుతాయని ఆ పట్టికే చెబుతున్నది. పట్టికలో పేరుండటం వేరు, ఎంత తింటే ఏమవుతుందన్నది వేరు. ఉప్పు లేనిదే మనకు ముద్ద దిగదు, అదే ఉప్పు గుప్పెడు మింగితే మంచాన పడతాం. పుదీనా లెక్క కూడా అంతే.

పుదీనాకు ఆ వాసన, ఆ ఘాటు దానిలోని తైలంవల్ల వస్తున్నాయి. పచ్చి ఆకులో ఈ తైలం చాలా కొద్ది. కిలో పచ్చి ఆకు తీసుకుంటే తైలం 10 గ్రాములకు లోపే ఉంటుంది. కుక్క కొరికిన నాలుగాకుల్లో ఎంత ఉంటుందో మీరే లెక్క కట్టుకోండి. ఆ కొద్దిపాటి తైలం కడుపు లోపలి పొరను చురుక్కుమనిపించగలదేగాని ప్రాణంమీదికి తేలేదు.

మరి కుక్క ఆకులు ఎందుకు తింటుంది? కడుపులో నలతగా ఉంటే వాంతి చేసుకోవడానికి తింటుందని మన పెద్దలు అంటారు. కొంతవరకు నిజమే కావచ్చు. అయితే కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పశువైద్యులు 1500 మందికి పైగా కుక్కల యజమానులను అడిగి 2008లో ప్రకటించిన విషయం వేరుగా ఉన్నది. గడ్డీ గాదమూ తినేముందు జబ్బుగా కనిపించినవి నూటికి 10 కూడా లేవు. తిన్న తరువాత తరచు వాంతి చేసుకున్నవి నూటికి 22 మాత్రమే. అంటే ఆకు కొరకడం కుక్క జాతికి సహజమైన అలవాటు. నిన్నటిదాకా ముట్టనిది ఒక్కసారిగా ఆవురావురుమంటూ తింటూ, అన్నం మానేసి, నీరసంగా ఉంటే అప్పుడు అనుమానించవలె.

మడిలో సగం మేసేసింది, రెండు సార్లు వాంతి చేసుకున్నది అనుకోండి. కొన్ని గంటలు అన్నం పెట్టకండి. మంచినీళ్ళు మాత్రం కొద్దికొద్దిగా అందుబాటులో ఉంచండి. తరువాత మెత్తగా ఉడికిన అన్నం, ఉప్పూ కారం లేకుండా, కొద్దిగా పెట్టండి. సాధారణంగా మరునాటికి తేరుకుంటుంది. వాంతులు ఆగకపోయినా, నెత్తురు కనిపించినా, నీళ్ళు కూడా నిలవకపోయినా ఆలస్యం చేయక పశువుల ఆసుపత్రికి తీసుకుపోవలె. కుక్కపిల్లల విషయంలో ఒక రోజు కూడా ఆగవద్దు. అవి పస్తును ఓర్చుకోలేవు, వాటి ఒంట్లో నీరు త్వరగా ఇంకిపోతుంది.

ఇక నూనె. ఉత్తరప్రదేశ్‌లో బారాబంకీ పరిసరాల్లో వేల ఎకరాల్లో పుదీనా జాతి పంట వేసి తైలం తీస్తున్నారు. మందులకు, పళ్ళపొడులకు, మిఠాయిలకు అది పోతుంది. చిన్న చిన్న సీసాల్లో మన ఊళ్ళలోనూ దొరుకుతుంది. 10 గ్రాముల తైలం ఉన్న సీసా అంటే కిలోకు పైబడిన ఆకు సారమంతా అందులో దిగిందన్నమాట. కుక్క నోరు వాసన వేస్తున్నదనో, గోమార్లు పట్టాయనో ఆ నూనె చుక్కలు నోట్లో వేయడం, ఒంటికి రాయడం కొందరికి అలవాటవుతున్నది. ఇది చేయకూడని పని. ఒంటికి రాసినా కుక్క నాకకుండా ఉండదు గదా! నోటి వాసనకు కారణం తరచు పళ్ళకు పట్టిన పాచి, చిగుళ్ళ జబ్బు. పుదీనా వాసన దాన్ని కప్పుతుందేగాని కుదర్చదు.

పుదీనా జాతి మొక్కలన్నీ ఒక్కటి కావన్నది కూడా జ్ఞాపకం ఉంచుకోండి. పడమటి దేశాల్లో పెన్నీరాయల్ అనే రకం ఉన్నది. మన పెరళ్ళలో పెంచుకునేది కాదు. దాని నూనెను అక్కడివారు గోమార్లు పోవడానికి వాడేవారు. ఆ నూనె ఒంటికి పూసిన ఒక కుక్క కాలేయం చెడి చచ్చిపోయిన వృత్తాంతం 1992లో అమెరికా పశువైద్యుల పత్రికలో వచ్చింది. దానిలోని పులెగోన్ అనే పదార్థం ఆ పని చేసింది. "ఆకే గదా, ప్రకృతి మందే గదా" అని సీసా మూత తీసేవారు ఈ సంగతి మరువరాదు.

పుదీనా వాసన ఉన్నంత మాత్రాన పుదీనా అనుకోవద్దని ఇంకొక మాట. చక్కెర లేని చూయింగ్ గమ్ములు, కొన్ని పళ్ళపొడి ముద్దలు జైలిటాల్ అనే తీపి పదార్థంతో చేస్తారు. మనకు అది హాని చేయదు. కుక్కకు మాత్రం నెత్తుట్లో చక్కెర గబగబా పడిపోయి మూర్ఛ వస్తుంది, కాలేయం దెబ్బతినవచ్చు. పట్నంనుంచి సెలవులకు వచ్చిన పిల్లల సంచులు కుక్కకు అందేచోట పెట్టకండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. మన ఇళ్ళలో కుక్క నోట్లోకి పుదీనా పోయేది మడినుంచి తక్కువ, గిన్నెనుంచి ఎక్కువ. రాత్రి మిగిలిన అన్నంలో మిగిలిన పచ్చడో పులుసో కలిపి పడేస్తాం. పుదీనా పచ్చడిలో పుదీనా ఒక్కటే ఉంటుందా? వెల్లుల్లి ఉంటుంది, ఉల్లి ఉంటుంది, చింతపండు ఉంటుంది, పచ్చిమిరప, ఉప్పు సరేసరి. పుదీనాను నిందిస్తూ కూర్చుంటాం గాని దాని పక్కన కూర్చున్నవే అసలు దోషులు.

ఉల్లి, వెల్లుల్లి రెండూ ఒక కుటుంబమే. వాటికి ఘాటునిచ్చే గంధక పదార్థాలు కుక్క రక్తంలోని ఎర్రకణాలను పాడుచేస్తాయి. పాడైన కణాలు పగిలిపోతాయి. రక్తం పలచబడుతుంది. వండినా, వేయించినా, ఎండబెట్టి పొడి కొట్టినా ఆ గుణం పోదు. కుక్క బరువులో నూటికి అర వంతు ఉల్లి ఒక్కసారి కడుపులో పడితే హాని జరుగుతుందని పశువైద్యులు లెక్క కట్టారు. మన ఊరకుక్క సుమారు 15 కిలోలు ఉంటుందనుకోండి. దాని బరువులో అర వంతు 75 గ్రాములు, అంటే ఒక నడితరం ఉల్లిపాయ. వెల్లుల్లి అంతకంటె ఘాటైనది.

ఇందులో మోసం ఏమిటంటే, తిన్న రోజున ఏమీ కనిపించదు. కొన్ని రోజులు గడిచాక కుక్క డీలాపడుతుంది, నాలుగడుగులు వేస్తే రొప్పుతుంది, చిగుళ్ళు తెల్లబారతాయి, మూత్రం ఎర్రగానో కాఫీ రంగుగానో పోస్తుంది. అప్పటికి ఎప్పుడో తిన్న ఉల్లికూర ఎవరికి జ్ఞాపకం ఉంటుంది? ఎండ దెబ్బ అంటాం, దిష్టి అంటాం. కొంచెం కొంచెంగా రోజూ తిన్నా హాని కూడుతూనే ఉంటుంది.

పల్లెల్లో మరొక అలవాటు ఉన్నది. కుక్కకు పిడుదులు పట్టకుండాను, కడుపులో పురుగులు పోవడానికీ వెల్లుల్లి రెబ్బలు దంచి అన్నంలో పెడతారు. ఒక్క రెబ్బతో ప్రాణం పోతుందని నేను భయపెట్టను. జపానులో 8 కుక్కలను తీసుకుని, 4 కుక్కలకు కిలో బరువుకు 5 గ్రాముల లెక్కన వెల్లుల్లి సారం 7 రోజులు పట్టి చూశారు. ఆ ఫలితాలు 2000లో వెలువడ్డాయి. పైకి రక్తహీనత జబ్బు బయటపడలేదు గాని, పరీక్షలో ఎర్రకణాలు తగ్గాయి, ఉన్నవి కూడా దెబ్బతిన్నాయి. కుక్కలకు వెల్లుల్లి కలిపిన ఆహారం పెట్టవద్దని వారు తేల్చారు.

పిడుదుల సంగతి ఇంకా ఆలోచించవలసినది. కుక్కను పట్టే గోధుమరంగు పిడుదులు రక్తం తాగడంతో సరిపెట్టవు. ఎర్లిఖియా అనే జ్వరాన్ని కూడా అంటిస్తాయి. ఆ జ్వరంలోనూ రక్తం తగ్గిపోతుంది. రక్తం తగ్గే జబ్బుకు రక్తం తగ్గించే దినుసు మందుగా పెట్టడం మండే ఇంటిమీద కిరసనాయిలు పోసినట్లే. పిడుదులకు, పురుగులకు పశువైద్యుడు కుక్క బరువు చూసి ఇచ్చే మందులున్నాయి. వాటినే వాడండి. పడుకునే చోటు, గోడల పగుళ్ళు శుభ్రం చేయండి. పిడుదు గుడ్లు పెట్టేది అక్కడే.

చింతపండు మాట కొత్తది, చెప్పక తప్పదు. ద్రాక్ష, ఎండుద్రాక్ష తిన్న కుక్కలకు మూత్రపిండాలు చెడతాయన్నది చాలా ఏళ్ళుగా తెలిసిందే. అందులో ఏ పదార్థం ఆ పని చేస్తుందో తెలియలేదు. టార్టారిక్ ఆమ్లం అయివుంటుందని అమెరికాలో పశువైద్యులు 2021లో అనుమానం తెలిపారు. ఆ ఆమ్లం ఎక్కువగా ఉన్న చింతపండు తిని కుక్కలకు మూత్రపిండాలు చెడిన ఉదంతాలు 2022లో ప్రకటించారు. ఆ ఆమ్లం మన చింతపండులో దండిగా ఉన్నది. దాని పులుపే అది. పప్పుచారు తాగిన ప్రతి కుక్కా జబ్బుపడుతుందని దీని అర్థం కాదు. ఇన్నాళ్ళూ మన కుక్కలు పులుసన్నం తింటూనే ఉన్నాయి. అయినా చింతపండు తొక్కులు, పులుసు గుజ్జు, పులిహోర అడుగంటు గిన్నెలు కుక్క ముందు పెట్టకుండా ఉంటే పోయేదేమీ లేదు.

మూడవది మడి. పుదీనా నిగనిగలాడాలని మనం మడిలో ఏమేమి వేస్తామో ఒకసారి చూసుకుందాం. ఆముదపు పిండి వేస్తాం. ఎముకల పొడి వేస్తాం. చెదలకో, చీడకో గుళికల మందు చల్లుతాం. కుక్క ముక్కుకు ఎముకల పొడి విందు భోజనం వాసన. కాళ్ళతో తవ్వి తింటుంది. దానితో కలిసి ఆముదపు పిండి లోపలికి పోతుంది. ఆముదంగింజలో రిసిన్ అనే మహా విషం ఉన్నది. నూనెలోకి అది దిగదు, పిండిలోనే నిలిచిపోతుంది. బాగా ఉడికిస్తేనే దాని విషం విరుగుతుంది. తిన్న కొన్ని గంటలకు గాని, ఒక్కోసారి మరునాటికి గాని లక్షణాలు తెలియవు. వాంతులు, నెత్తురు విరేచనాలు, నిలబడలేని నీరసం వస్తాయి. పాలమూరు, నల్గొండ వైపు ఆముదం పండించే రైతులకు ఈ హెచ్చరిక మరీ ముఖ్యం. గింజ నమిలినా ప్రమాదమే, కళ్ళంలో ఆరబోసిన గింజల దగ్గర కుక్కను, ముఖ్యంగా కుక్కపిల్లలను తిరగనివ్వకండి.

పురుగుమందు విషయం అందరికీ తెలిసినదే అయినా మరొకసారి చెబుతాను. మందు పడిన ఆకు కొరికినా, ఆ మడిలో పొర్లి తరువాత ఒళ్ళు నాక్కున్నా కొన్ని మందులకు నిమిషాల్లోనే నోటివెంట చొంగ కారుతుంది, వణుకు పుడుతుంది, కంటిపాపలు ఆవగింజంత అవుతాయి, ఊపిరి ఆడదు. ఇది పుదీనా విషం కాదు, మందు విషం. ఈ జాతి మందుల్లో కొన్నింటికి పశువైద్యుని దగ్గర అట్రోపిన్ సూదిమందు ఉన్నది. గంట ముందు తీసుకుపోతే బతుకుతుంది, గంట తరువాత తీసుకుపోతే చెప్పలేం. ఇంట్లో కోసుకు తినే ఆకుమడిలో గుళికలు చల్లడం మనకే మంచిది కాదు, కుక్క సంగతి తరువాత. మాగిన పేడ ఎరువు చాలు, పుదీనా బంగారంలా పెరుగుతుంది.

పెరట్లోని తక్కిన ఆకుల సంగతి క్లుప్తంగా చెబుతాను. కొత్తిమీర వల్ల భయం లేదు. తులసి నాలుగు దళాలు తిన్నా చింత లేదు. వాము ఆకు అని మనం బజ్జీలు వేసుకునే దళసరి ఆకు కుక్కకు పడదు, కాస్త ఎక్కువ తింటే వాంతులు, విరేచనాలు అవుతాయి. దాని కుండీ ఎత్తులో పెట్టండి. కలబందలో తొక్కకింద కారే పసుపు పాలు గట్టి విరేచనకారి. గాయానికి గుజ్జు రాసి ఊరుకోకండి, కుక్క అది నాకుతుంది. ఇక గన్నేరు ఆకు మాత్రం గుండెకే ముప్పు. పెరట్లో అది ఉంటే కొమ్మలు నరికి కుక్క తిరిగేచోట పడేయకండి.

ఏదైనా తినరానిది తిన్నదని తెలిస్తే ఏమి చేయాలి? ముందు చేయకూడనివి చెబుతాను. వాంతి కావాలని ఉప్పునీళ్ళు పోయకండి. ఆ ఉప్పే ఒంట్లో ఎక్కువై మెదడుకు దెబ్బ తగులుతుంది. చింతపండు రసం పోయడం కొన్నిచోట్ల వాడుక. ఇందాక చెప్పిన కారణంగా అదీ వద్దు. నూనె మింగిన కుక్కను, స్పృహ తప్పిన కుక్కను వాంతి చేయించాలని చూస్తే కక్కినది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. గొట్టంతో పాలు పట్టడం కూడా అంతే.

ఇక చేయవలసినవి. నోట్లో మిగిలిన ముక్కలు ఉంటే, కరవదనుకుంటే, తీసివేయండి. ఒంటికి నూనెగాని మందుగాని అంటి ఉంటే చేతులకు సంచి తొడుక్కుని సబ్బునీళ్ళతో కడగండి. తిన్న మొక్క కొమ్మ ఒకటి, మందు పొట్లం ఉంటే పొట్లం వెంట తీసుకుపోండి. ఏమి తిన్నది, ఎంత తిన్నది, ఎన్ని గంటలైనది, కుక్క బరువు ఎంత ఉంటుంది, ఈ నాలుగు ముక్కలు వైద్యునికి చెప్పగలిగితే సగం వైద్యం అయినట్లే. ఇంకొకటి, కుక్క బాగున్న రోజున పెదవి ఎత్తి చిగుళ్ళ రంగు చూసి పెట్టుకోండి. లేత గులాబీగా ఉంటుంది. ఆ రంగు తెలిసినవారికి తెల్లబారినప్పుడు వెంటనే తెలుస్తుంది. కొన్ని కుక్కలకు చిగుళ్ళు పుట్టుకతోనే నల్లగా ఉంటాయి. వాటికి కంటి లోపలి రెప్ప చూడండి.

అక్కయ్యలకు, చెల్లెళ్ళకు ఒక విన్నపం. కుక్కకు అన్నం పెట్టేది మీరు. తిరగమోత వేయకముందే, కారం, ఉల్లి కలపకముందే ఒక ముద్ద అన్నం, ఇంత పప్పుకట్టు వేరుగా తీసి ఉంచండి. అందులో కాస్త మజ్జిగ పోస్తే దానికి అమృతమే. ఈ పనికి పట్టేది నిమిషం కూడా కాదు.

చెప్పినదంతా నాలుగు మాటల్లో ముగిస్తాను. పుదీనా ఆకు నాలుగు కొరికితే బెదరకండి. పుదీనా నూనె దగ్గరకు రానివ్వకండి. పచ్చడి, పులుసు, ఉల్లి, వెల్లుల్లి కుక్క గిన్నెలో వేయకండి. మడిలో ఏమి చల్లుతున్నారో చల్లే ముందు ఆలోచించండి. నోరులేని జీవం తనకేమి పడదో చెప్పలేదు, పెట్టినది తిని తోక ఊపుతుంది. ఏది పెట్టాలో తెలుసుకోవడం మన వంతు.